ఆ కంకణానికి బంగారం ఎక్కడిది?

ఆమధ్య హన్మకొండలో ఒక సాహిత్య సభకు వెళ్లాను. తెలుగు పత్రికల చరిత్ర మీద ప్రసంగం. మాట్లాడింది పెద్దాయన, బాగా చదువుకున్నవాడు. ఆయన రాసినవి చదివి నేర్చుకున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని. గంటసేపు చక్కగా మాట్లాడి చివర్లో ఒక మాటన్నాడు. అమృతాంజనం లేకపోతే 'భారతి' లేదు, లోధ్ర లేకపోతే 'గృహలక్ష్మి' లేదు, చేతికి ఎముకలేని ఆ మహాదాతల వల్లనే మన సాహిత్యం ఇంత దూరం వచ్చింది అని. సభ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. కొట్టాక నా చేతుల వంక చూసుకున్నాను.

ప్రశ్నలడగమన్నప్పుడు లేచి, "సార్, ఆ దాతలకు డబ్బెవరిచ్చారు?" అన్నాను. ఆయన నవ్వి, "తలనొప్పి తగ్గింది, జనం డబ్బిచ్చారు. ఇందులో మీ స్త్రీవాదానికేం పని ఉందమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. నా పక్కన కూర్చున్న ఇద్దరు రచయిత్రులూ నవ్వారు. టైమైపోయిందని నిర్వాహకులు మైకు తీసుకున్నారు. ఆ రోజు అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ చెప్పుకుంటాను. ఇక్కడ కూడా నవ్వేవాళ్లుంటే నవ్వొచ్చు గానీ, కాస్త చివరిదాకా చదివి నవ్వండి.

ముందు అందరికీ తెలిసిన సంగతులే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు కృష్ణాజిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టి, బతుకుదెరువు కోసం బొంబాయి చేరి, 1893లో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత సభల్లో డబ్బాలు ఉచితంగా పంచి అలవాటు చేశారని చెప్పుకుంటారు. ఆ డబ్బాల లాభంతో 1908లో బొంబాయిలోనే 'ఆంధ్రపత్రిక' వారపత్రిక వచ్చింది, 1914లో మద్రాసులో దినపత్రికయింది. 1924లో 'భారతి' వచ్చింది. తర్వాత ఆంధ్ర గ్రంథమాల. కోస్తా, రాయలసీమ పెద్దలు 1937లో కూర్చుని ఒడంబడిక రాసుకున్న శ్రీబాగ్ కూడా ఆయన ఇల్లే. ఒక చిన్న పసుపుపచ్చ లేపనం ఒక రాష్ట్రం ఏర్పడే చరిత్రలోకి కూడా వెళ్లిందన్నమాట. వరంగల్ దాన్ని కాబట్టి ఆ రాష్ట్రం కథ ఇక్కడ ఎత్తను, అది వేరే తగువు.

ఇంకొకరు డాక్టర్ కె.ఎన్. కేసరి. ఒంగోలు దగ్గరి ఇనమనమెళ్లూరులో పుట్టిన పేద పిల్లవాడు, చిన్నతనంలోనే మద్రాసు చేరి వైద్యం నేర్చుకుని, 1900లో కేసరి కుటీరం స్థాపించాడు. తన కష్టాలన్నీ 'చిన్ననాటి ముచ్చట్లు'గా తనే రాసుకున్నాడు. ఇప్పటికీ చదివించే పుస్తకమది. కుటీరం మందుల్లో అన్నిటికంటె పేరు తెచ్చుకున్నది లోధ్ర. స్త్రీల మందు. 1928లో ఆయనే స్త్రీల కోసం 'గృహలక్ష్మి' మాసపత్రిక పెట్టాడు. కనుపర్తి వరలక్ష్మమ్మ 'శారద లేఖలు' అందులోనే వచ్చాయి. రచయిత్రులకు గృహలక్ష్మి స్వర్ణకంకణం ఇవ్వడం 1934లో మొదలైంది, మొదటి కంకణం వరలక్ష్మమ్మగారికే. రాసే చేతికి బంగారు కంకణం తొడగడం ఆనాటికి చిన్న విషయం కాదు. ఈ పత్రిక చదివే మనలో చాలామందికి ఆ కంకణం అందుకున్న రచయిత్రులు పాఠాలో, పరిశోధనాంశాలో, ఇళ్లలో పెద్దవాళ్లో.

మద్రాసులోనే జమ్మి వెంకటరమణయ్యగారి పసిపిల్లల లివర్ మందు. మా హైదరాబాదులో 1920లో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ తయారుచేసిన జిందా తిలిస్మాత్. డబ్బా మీద నిజాం సైన్యంలోని హబ్షీ సిపాయి బొమ్మతో వచ్చే ఆ ఎర్రటి సీసా లేని ఇల్లు మా వాడలో లేదు. యూకలిప్టస్ నూనె, కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు, రంగుకు రతన్‌జోత్. మా అమ్మమ్మ జలుబుకీ, కడుపునొప్పికీ, దిష్టికీ అదే వాడేది. "చాయిల రెండు సుక్కలేస్కో బిడ్డా" అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నా సంచీలోనూ ఒక సీసా ఉంది. నేను ఈ మందులకు బయట నిలబడి మాట్లాడడం లేదని చెప్పడానికి ఇది.

వీటిని పేటెంటు మందులంటాం. అసలు పేటెంటు తీసుకోవాలంటే ఎలా తయారుచేస్తారో లోకానికి చెప్పాలి. వీళ్లలో ఎక్కువమంది చేసింది దానికి సరిగ్గా ఎదురు. తయారీ గుట్టుగా ఉంచి, పేరునూ బొమ్మనూ రిజిస్టరు చేసుకున్నారు. ఇంగ్లండులో రాజుగారు దయతలచి ఇచ్చే పత్రం నుంచి వచ్చిన మాట ఇలా దేశాలు తిరిగి మన దగ్గర సొంత పేరుతో అమ్మే రహస్య మందుకు స్థిరపడింది. రహస్యం కుటుంబంలో ఉంటుంది, తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు లేకపోతే అల్లుడికి. పంతులుగారి తర్వాత 'ఆంధ్రపత్రిక' నడిపింది అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు, కంపెనీ నేటికీ శివలెంక వారిదే. అంటే ఆస్తి కూతురి గుండా నడిచి వెళ్లింది, కానీ ఆగింది మాత్రం అల్లుడి పేరు దగ్గర. వీరేశలింగం నుంచి ఇప్పటిదాకా స్త్రీల ఆస్తిహక్కు గురించి మనం రాసినదంతా ఈ ఒక్క వాక్యంలో దొరుకుతుంది. దీన్ని ఎవరూ వింతగా చూడరు.

ఇక సభలో పెద్దాయన అడిగిన దానికొస్తాను. తలనొప్పిలో స్త్రీవాదానికేం పని? తలనొప్పిలో తక్కువే ఉండొచ్చు. అమృతాంజనం నుదుటికి ఆడా మగా తేడా లేదు. గుమాస్తా రాసుకున్నాడు, గాయకుడు రాసుకున్నాడు, వంటింట్లో పొగ మింగిన ఇల్లాలూ రాసుకుంది. కానీ లోధ్ర? ఆయన రెండిటినీ ఒకే ఊపిరిలో అన్నాడు గనుకే నేను లేచాను. లోధ్ర కొన్నది తలనొప్పి మనుషులు కాదు. ముట్టు ఆగినవాళ్లు, ఆగకుండా పోతున్నవాళ్లు, తెల్లబట్ట అవుతున్నవాళ్లు, కడుపు నిలవనివాళ్లు, అసలు పండనివాళ్లు, వరస కాన్పులతో చిక్కిపోయినవాళ్లు. వాళ్ల భయంతో వచ్చిన డబ్బు అది. ఆ డబ్బుతో నడిచిన పత్రిక కూడా మళ్లీ వాళ్ల కోసమే. మందు కొనే మనిషీ, పత్రిక చదివే మనిషీ ఒక్కరే. ఆమెకు రెండు చోట్లా ఒకే పేరు, గృహలక్ష్మి.

ఇందులో కుట్ర ఉందని నేననను. కేసరిగారు మోసగాడనీ అనను. లోధ్ర పనిచేయలేదని చెప్పడానికి నేను వైద్యురాలిని కాను. లొద్దుగ చెట్టు పట్టకు వగరుగుణం ఉంది, రక్తస్రావానికి దాన్ని వాడడం మన వైద్యంలో పాతది, సుశ్రుతుడు ఒక మందుల గణానికి దాని పేరే పెట్టాడు. మగ డాక్టరు ముందు పడుకోవడానికి ప్రాణం పోయినా ఒప్పుకోని కాలంలో, ఆడ డాక్టర్ల కోసం 1885లో పెట్టిన డఫరిన్ నిధి పట్టణాల్లో కొద్ది ఆసుపత్రులకే సరిపోయిన కాలంలో, తపాలాలో వచ్చిన సీసా ఎంతమందికి సిగ్గు పోకుండా ఊరట ఇచ్చి ఉంటుందో నేను ఊహించగలను. ఆ ఊరటను కాదనడం నా పని కాదు.

నా తగువు వేరు. ఈ ప్రకటనలు ఏ భాష తయారుచేశాయన్నది. 'స్త్రీల వ్యాధులు' అన్న మాట చూడండి. 'పురుషుల వ్యాధులు' అన్నప్పుడు ఆ మాటలో ఉన్నది సుఖం, శక్తి, నరాల బలం. మగవాడికి ఉండాల్సిన దానికంటె తక్కువుంది, అది ఎక్కువ చెయ్యాలి. స్త్రీల వ్యాధులన్నప్పుడు మాత్రం శరీరమే వ్యాధి. నెలనెలా వచ్చేదీ వ్యాధే, రానిదీ వ్యాధే, ఎక్కువా వ్యాధే, తక్కువా వ్యాధే. ఇక సంతానం లేకపోవడాన్ని స్త్రీల మందు తీరుస్తుందన్న మాటలో, చెప్పకుండానే తీర్పు ఉంది. తప్పు ఆమెది. మొగుడు రెండో పెళ్లి చేసుకునే ముందు ఆమెకు తాగించాల్సిన చివరి సీసా అది. ఉత్తరాదిన హిందీ పత్రికల్లో మగతనం మందుల ప్రకటనల మీద చారు గుప్తా 2001లోనే ఒక పుస్తకంలో రాశారు. మనం తెలుగులో 'గృహలక్ష్మి' మీద ఎన్ని వ్యాసాలు రాశాం! కథల మీద, లేఖల మీద, సంస్కరణ మీద. ఆ పత్రికకు తిండి పెట్టిన భాష మీద ఎన్ని రాశాం?

ఇంకో పక్క నుంచి చూద్దాం. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను వావిళ్ల వారి చేత పూర్తిగా అచ్చువేయించింది. 1911లో ప్రభుత్వం అది అశ్లీలమని పట్టుకుంది. 1947లో ప్రకాశం పంతులుగారు పూనుకునేదాకా నిషేధం పోలేదు. ఒక స్త్రీ తన శరీరం కోరే సుఖం గురించి పద్యం రాస్తే అది ఇళ్లలో ఉండకూడదు. అదే దశాబ్దాల్లో, అదే మద్రాసులో, అదే స్త్రీ శరీరంలోని గర్భాశయం గురించి, స్రావాల గురించి ఏ వారపత్రికైనా వెనక అట్ట మీద అచ్చువేయొచ్చు. అది ఇంటిల్లిపాదీ చదివే పేజీ. దానికి ఏ పోలీసూ రాలేదు. శరీరం కోరితే బూతు, నొప్పెడితే సరుకు. మనకు ఈ రెండో భాషే మిగిల్చారు. అందుకే తర్వాత తరం రచయిత్రులు శరీరం గురించి రాయబోయినప్పుడు చేతికి నొప్పి మాటలే దొరికాయి తప్ప కోరిక మాటలు దొరకలేదని నా అనుమానం. దీన్ని రుజువు చేయగలనో లేదో గానీ, అనుమానం మాత్రం బలంగా ఉంది.

ఇది మన ఒక్కరి కథే అయితే కేసరిగారిని వదిలేద్దును. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం లిన్ ఊళ్లో లిడియా పింకమ్ అనే గృహిణి ఇంట్లో కాచిన వేళ్ల కషాయాన్ని 1875 నుంచి అమ్మింది. స్త్రీల బాధలన్నిటికీ అదొక్కటే మందు. సీసా మీద ఆమె బొమ్మే. మగ డాక్టరుకు చెప్పుకోలేనిది నాకు రాయండి అంటే దేశమంతటి నుంచి స్త్రీలు ఆమెకు ఉత్తరాలు రాశారు. ఆమె 1883లో చనిపోయింది. ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి, ఆమె పేరు మీద జవాబులు వెళ్తూనే ఉన్నాయి. 1905లో ఒక స్త్రీల పత్రిక ఆమె సమాధిరాయి ఫోటో వేసి, మీరు రాస్తున్నది ఈమెకే అని చూపించింది. ఆ కషాయంలో ఐదోవంతుకు దగ్గరగా సారాయే ఉండేది. 1906లో అక్కడ చట్టం వచ్చాక ఆ సంగతి సీసా మీద రాయాల్సి వచ్చింది. అయినా ఆమె గురించి అక్కడి స్త్రీవాదులు రాసింది చదివితే నాకు అసూయ కలుగుతుంది. తిట్టారు, మెచ్చుకున్నారు, ఆమెకు వచ్చిన ఉత్తరాలను చరిత్రగా చదివారు. మందు వ్యాపారం కూడా స్త్రీల చరిత్రే అనుకున్నారు. ఒక స్త్రీల పత్రిక మరో స్త్రీ పేరుతో నడిచే మందు గుట్టు బయటపెట్టడం అన్నది చూడండి. మన దగ్గర స్త్రీల పత్రికే మందు కంపెనీది, ఇక ఎవరు ఎవరి గుట్టు బయటపెట్టాలి?

పింకమ్ కషాయం కనీసం ఒక స్త్రీ వంటింట్లోంచి ఒక స్త్రీ బొమ్మతో వచ్చింది. మా వైపు లొద్దుగ పట్ట, అశోక పట్ట, పత్తి వేరు, నువ్వులూ బెల్లం ఎవరి చేతుల్లో ఉండేవి? మంత్రసానుల చేతుల్లో. వాళ్లెవరు? ఎక్కువగా మంగలి, చాకలి, మాదిగ స్త్రీలు. కాన్పు చేసి, బొడ్డు కోసి, బాలింతకు స్నానం పోసి, మాయను పూడ్చిపెట్టి, శేరు బియ్యమో పాత చీరో తీసుకుని దొడ్డిదారిన వెళ్లిపోయినవాళ్లు. సంస్కరణ కాలపు స్త్రీల పత్రికల్లో మంత్రసాని అంటే మురికి, మూఢత్వం, ప్రాణాంతకం. ఆమె చేతులు మురికే అయి ఉండొచ్చు, ధనుర్వాతంతో చనిపోయిన బాలింతల సంగతి నేను దాచను. కానీ ఆమె వాడిన పట్ట సీసాలోకి ఎక్కి, సంస్కృతం పేరు తగిలించుకుని, పక్కన డాక్టరు అన్న బిరుదు పెట్టుకునేసరికి అది శాస్త్రమైంది. ఆమెకు శేరు బియ్యం, సీసాకు మనియార్డరు. రచయిత్రులకు తొడిగిన కంకణం సవర్ల కొద్దీ బంగారమే, ఒప్పుకుంటాను. ఆ బంగారంలో ఈ మంత్రసాని వంతెంత అని అడిగితే ఎవరూ నవ్వకూడదు.

ఇప్పుడు నా తప్పు కూడా ఒప్పుకోవాలి. నా డాక్టరేటు స్త్రీల పత్రికల మీదే. పాత సంపుటాల కోసం తిరగని ఊరు లేదు. ఒక గ్రంథాలయంలో, పేరెందుకు, ఒక పత్రిక నాలుగేళ్ల సంచికలు చక్కగా బైండు చేసి పెట్టారు. పేజీలు తిప్పుతుంటే ప్రతి సంచికా కథతో మొదలై కవితతో ముగుస్తోంది. అట్టలు లేవు, ప్రకటనల పేజీలు లేవు. లైబ్రేరియన్‌ను అడిగితే, "అవి అడ్వర్టైజుమెంట్లు మేడం, బైండింగుల తీసేస్తరు, పుస్తకం లావైతది" అన్నాడు. అతన్ని ఏమనగలం? మన సాహిత్య చరిత్రకారులు తల్లో చేసిన పనినే అతను కత్తితో చేశాడు.

వేరే చోట్ల అట్టలతో సహా దొరికిన సంచికలు చూసి ప్రకటనల మీద ఒక అధ్యాయం రాశాను. నలభై పేజీలొచ్చాయి. ఇది సాహిత్యం కాదమ్మా, తీసెయ్యి, వైవాలో ఇబ్బంది పడతావు అన్నారు. నేను తీసేశాను. ఫెలోషిప్పు అయిపోవస్తోంది, పెళ్లి మాటలు జరుగుతున్నాయి, డిగ్రీ కావాలి. బైండింగు కత్తి నా చేతిలోనూ ఉండేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆ నలభై పేజీలు ఇప్పటికీ ఒక ఫైల్లో ఉన్నాయి. థీసిస్ పుస్తకమై, అవార్డు వచ్చి, నాకూ ఒక శాలువా కప్పారు. శాలువాకు డబ్బెవరిచ్చారో నేను అడగలేదు.

ఇవన్నీ పాత కథలు కదా, 1954లో చట్టమొచ్చింది కదా అంటారు. వచ్చింది. మందులు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం. ముట్టు సమస్యలు సరిచేస్తామని మందు ప్రకటన ఇవ్వకూడదంది. మంచిదే. కానీ అదే సెక్షన్ ఇంకేమంటుందో చదివారా? గర్భం రాకుండా చూసుకునే మందుల గురించీ, గర్భస్రావం గురించీ కూడా ప్రకటన ఇవ్వకూడదు. ప్రభుత్వం వేసే ప్రకటనలకు మాత్రం చట్టం వర్తించదు. అప్పటికి రెండేళ్ల ముందే, 1952లో, ఇదే ప్రభుత్వం కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. అంటే నీ గర్భసంచి గురించి నీకు కంపెనీ చెప్పకూడదు, పత్రిక చెప్పకూడదు, సర్కారు చెప్తుంది, అదీ ఎరుపు త్రికోణం గీసి, ఇక చాలు అని. అబద్ధం చెప్పే నోరు మూయించారు గానీ నిజం చెప్పే నోరు తెరవలేదు. ఆ నోరు తెరవడానికి మన స్త్రీల సంఘాలు 'సవాలక్ష సందేహాలు' పుస్తకం తెచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. గర్భాశయం బొమ్మను భయం లేకుండా తెలుగులో నేను మొదట చూసింది ఆ పుస్తకంలోనే. ఆ పుస్తకం మా ఇంటికి చేరేసరికి మాత్రం ఆలస్యమైపోయింది.

మా అమ్మకు తెల్లబట్ట అయ్యేది. నడుం నొప్పి. పొలం పని, బీడీలు, ముగ్గురు పిల్లలు. మొదట అమ్మమ్మ ఒక టానిక్కు తాగించింది, స్త్రీలదే, ఏ కంపెనీదో ఇప్పుడు గుర్తులేదు. లేబుల్ ఊడిన ఆ సీసాలో తర్వాత చాన్నాళ్లు ఆముదం పోసుకున్నాం. తగ్గలేదు. 1999లో ఒక ప్రైవేటు నర్సింగ్ హోంకు తీసుకెళ్తే, గర్భసంచికి పుండయింది, తీసెయ్యకపోతే క్యాన్సరవుతుందన్నారు. అమ్మకు ముప్పై ఒకటో ఏడు. స్కానింగ్ కాగితం తప్ప ఏ పరీక్షా లేదు. నాయిన రెండెకరాల్లో ఒక ఎకరం అమ్మాడు. ఆ తర్వాత అమ్మకు నలభై రాకముందే ఎముకలు అరిగాయి, ఒంట్లో సెగలు, నిద్రలేమి. ఇప్పుడామె మోకాళ్లకు రాసుకునేది అమృతాంజనమే.

అమ్మ ఒక్కతే అనుకునేదాన్ని. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూశాక వాడలో ఎవరింటికి వెళ్లినా ఎందుకు ఇదే ముచ్చటో తెలిసింది. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దేశంలో అందరికంటె ఎక్కువ మనమే. ఎందుకు మనమే అంటే ప్రైవేటు ఆసుపత్రులు, అప్పు, ఎండలో పనికి ముట్టు అడ్డమన్న లెక్క, ఇలా చాలా ఉన్నాయి. ప్రకటనల వల్లే అని నేననడం లేదు. కానీ తెల్లబట్ట అనగానే ప్రాణం మీదికొచ్చినట్టు వణికే ఒక భయం ఉంది చూడండి, అది మంత్రసాని నేర్పింది కాదు. పిల్లలు పుట్టాక ఆ సంచితో పనేముంది, అది రోగాల పుట్ట అన్న మాట ఒక్క డాక్టరు నోటి నుంచి ఊడిపడలేదు. యాభై ఏళ్లు ప్రతి వారపత్రిక వెనక అట్టా ఆ మాటకు నేల దున్ని పెట్టింది. సీసాతో బాగుచేస్తామన్నవాళ్లూ, కత్తితో తీసేస్తామన్నవాళ్లూ ఒక విషయంలో ఒక్కటే. అది పాడైన వస్తువు.

దాతలను తిట్టడం కృతఘ్నత అంటారు. పంతులుగారు జైలుకెళ్లారు, గ్రంథాలయాలు పెట్టించారు. కేసరిగారు మద్రాసులో తెలుగు పిల్లలకు బడి కట్టించారు. వాళ్లను మెచ్చుకోవడానికి నాకేం అడ్డు లేదు. ఈనాటి మందు కంపెనీలు డాక్టర్లకు విదేశీ యాత్రలు కొనిపెడుతుంటే, వీళ్లు కవులకు కాగితం కొనిపెట్టారు. నేను అభ్యంతరం చెప్పేది 'దాత' అన్న మాటకు. దాత అన్న మాట వాడగానే డబ్బు అతని దగ్గరే పుట్టినట్టవుతుంది. లెక్క అక్కడితో ఆగుతుంది. 'భారతి'లో పద్యం అచ్చయిన కవికి తన పారితోషికం ఎవరి నుదుటి నొప్పో తెలియనక్కర్లేదు. 'గృహలక్ష్మి' రచయిత్రికి తన కంకణం ఎవరి కడుపునొప్పో తెలియనక్కర్లేదు. వాళ్లకు తెలియకపోతే తప్పు లేదు. మనకు తెలియకపోతే మాత్రం మనం చేస్తున్న పని పేరు పరిశోధన కాదు, సన్మానం.

'భారతి' ఆగిపోయింది, 'ఆంధ్రపత్రిక' ఆగిపోయింది, 'గృహలక్ష్మి' ఆగిపోయింది. లేపనం ఆగలేదు. అమృతాంజనం కంపెనీ ఇప్పుడు కంఫీ పేరుతో శానిటరీ న్యాప్‌కిన్లు అమ్ముతోంది. పల్లెటూరి ఆడపిల్లకు అందే ధర అంటోంది, అందితే మంచిదే. నూట ముప్పై ఏళ్ల కిందట నుదుటి దగ్గర మొదలైన వ్యాపారం ఇన్నాళ్లకు ముట్టు దగ్గరికొచ్చింది. కేసరిగారు వందేళ్ల కిందటే కనిపెట్టిన మార్కెట్టు అది.

నాకు కావలసింది చిన్న పని. పాత స్త్రీల పత్రికలను స్కాన్ చేసి దాచేవాళ్లు అట్టలనూ ప్రకటనలనూ కూడా దాచండి. విషయసూచికల్లో ప్రకటనలు కూడా చేర్చండి. రచయిత్రుల సంకలనాలు వేసేటప్పుడు ఆ కథ పక్క పేజీలో ఏ మందు అమ్మారో ఒక పాదసూచికైనా పెట్టండి. ఇళ్లలో పాత సంచికలున్నవాళ్లు చింపకుండా నాకొక ఉత్తరం ముక్క రాయండి. నా నలభై పేజీలు ఈ ఏడాది బయటికి తెస్తాను, శాలువా వెనక్కి అడిగినా సరే.

మొన్న దసరాకు ఇంటికెళ్లినప్పుడు, అట్టలతో దొరికిన ఒక పాత ప్రకటన ఫోటో లాప్‌టాప్‌లో పెద్దది చేసి అమ్మకు చూపించాను. అమ్మ ఏడో తరగతి చదివింది. కళ్లద్దాలు సర్దుకుని, తెర మీద వేలు పెట్టి, జబ్బుల పేర్లు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివింది. తెల్లబట్ట దగ్గర వేలు ఆగింది. నడుం నొప్పి దగ్గర ఆగింది.

"ఇవన్ని నాకున్నయే బిడ్డా," అంది. తర్వాత నా మొహం చూసి, "గీ మందు గిప్పుడు దొరుకుతలేదా?" అనడిగింది.